ఆడవాళ్ళ చేతిసంచి ఒకటి

ఆముదం సీసా మూత చుట్టూ మైనం పోస్తున్నాను. కొవ్వొత్తి ముక్కలు గరిటెలో వేసి కుంపటి మీద పట్టుకుని, కరిగాక సీసాను ఒక చేత్తో తిప్పుతూ మెడ చుట్టూ చుక్క చుక్కగా పోయాలి. చల్లారాక పైన ప్లాస్టరు పట్టీ చుట్టాలి. ఆసుపత్రిలో మందు సీసాలు దూరం పంపేటప్పుడు మేము చేసే పని ఇది. మా అత్తమ్మ సంపూర్ణమ్మ గడప దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ, "నువ్వు కట్టింది కారదులే, చెయ్యి తిరిగినదానివి," అంది. మెచ్చుకోలులాగే ఉంటుంది ఆ మాట. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో నాకు దొరికిన మెచ్చుకోళ్ళన్నీ ఇలాంటివే. ప్రతిదాని వెనకా ఇంకో పని ఉంటుంది. అనుకున్నట్టే ఆవకాయ సీసా నా వైపు జరిపింది. "దీనిక్కూడా కట్టెయ్. మణికి ఈ ఏటి ఆవకాయ రుచి చూపించకపోతే ఎట్టా?"

అది డెబ్భై నాలుగు మే నెల. దేశమంతా రైల్వే కార్మికులు సమ్మెలో ఉన్నారు. గుణదలలో మా దొడ్లో నిలబడితే రోజంతా వినపడే రైలు కూతలు ఆగిపోయి, ఊరికి ఏదో జబ్బు చేసినట్టుగా ఉంది. అలాంటి రోజుల్లో బొంబాయి నుంచి తంతి వచ్చింది. మా ఆడబిడ్డ మణెమ్మకి ఎనిమిదో నెల. రక్తపోటు ఎక్కువైంది, మంచం దిగకూడదన్నారు, ఎవరైనా వెంటనే రావాలి అని ఆమె భర్త బాలశౌరి ఇచ్చిన తంతి. అతను అక్కడ ఓడరేవులో పని చేస్తాడు. రెండేళ్ళ కిందట మణెమ్మకి మొదటి కాన్పు ఏడో నెలలోనే పోయింది. అందుకే ఆ కాగితంలో ఏముందో వినగానే అత్తమ్మ సిలువ గుర్తు వేసుకుని ఏడ్చింది.

చదివిన మా ఆయన కృపానందం గారు తలెత్తి నా వైపు చూశారు. అత్తమ్మ కూడా చూసింది. "నువ్వు నర్సువి గదా," అన్నారాయన. అంతే. వెళ్తావా అని అడగలేదు. మణెమ్మ అంటే నాకు ప్రాణం. నేను కాపురానికి వచ్చినప్పుడు రెండు జడలు వేసుకుని బడికి పోయే పిల్ల. ఆ జడలు నేనే వేసేదాన్ని. అడిగితే ఆలోచించకుండా వెళ్తాననేదాన్ని. ఆ అనే అవకాశం నాకు రాలేదు. మర్నాటికి సెలవు చీటీ కూడా ఆయనే రాసి తెచ్చారు, నలభై రోజులకి. ఇంట్లో ఎవరికి పురుడొచ్చినా, ఎవరికి జ్వరమొచ్చినా నా సెలవు అలాగే ఖర్చవుతుంది. నేను సంతకం పెట్టాను.

ఆయన నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా. ఆఫీసులో పెద్దాయన ఎవరితోనో చెప్పిస్తే గన్నవరం నుంచి హైదరాబాదుకి, అక్కణ్ణుంచి బొంబాయికి విమానం టిక్కెట్టు దొరికింది. వీధి వీధంతా నా అదృష్టం గురించే మాటలు. పక్కింటావిడ మాత్రం గోడ మీంచి తొంగి చూసి, "పురుడు పొయ్యటానికి గాల్లో ఎగిరి పోయేది ఈ బెజవాడ మొత్తానికి నువ్వొక్కదానివే మార్తా," అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

టిక్కెట్టుతోపాటు సన్నని అక్షరాల ఇంగ్లీషు కాగితం ఒకటి ఇచ్చారు. ఆయన అందులో సామాను ఇరవై కిలోలు అన్న ముక్క చదివి పక్కన పడేశారు. నేను మొత్తం చదివాను. మందు సీసా మీద చీటీ చివరిదాకా చదవనిదే ఎవరికీ ఇవ్వని అలవాటు నాది. మండే ద్రవాలు, అంటే స్పిరిట్టూ కిరసనాయిలూ పెట్రోలూ, ఎక్కడా ఉండకూడదు. చాకులూ కత్తెరలూ వెంట ఉంచుకోకూడదు, పెట్టెలో వేసి అప్పగించాలి. ద్రవం ఏదైనా సీసా నిండా పోయకూడదు. పైకి వెళ్ళాక గాలి ఒత్తిడి తగ్గి పొంగుతుంది. ఫౌంటెన్ పెన్ను కూడా సిరా కక్కుతుందట. చివర ఇంకో వరస ఉంది, తూకం లేకుండా ప్రయాణికులు తమ దగ్గర ఉంచుకోదగ్గ వస్తువులు. కోటు గానీ శాలువా గానీ, గొడుగు గానీ చేతికర్ర గానీ, చదువుకోడానికి కొన్ని పుస్తకాలు, చంటిబిడ్డకి దారిలో పట్టే పాలు, ఆడవాళ్ళ చేతిసంచి ఒకటి.

ఆ ఆఖరి మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. రెండోసారి చదివాను. ఎవరో, ఎక్కడో, ఎప్పుడూ నన్ను చూడని గుమాస్తా ఒకడు, ఆడదానికి తనదంటూ ఒక సంచి ఉంటుందని, దాన్ని తూచడం మర్యాద కాదని అనుకుని ఆ ముక్క రాశాడు. నాకు చేతిసంచి లేదు. ఆసుపత్రికి క్యారేజీ సంచి పట్టుకెళ్తాను, బజారుకి గోనె సంచి, గుడికి ఏమీ లేదు, జపమాల గుప్పిట్లో పెట్టుకుంటాను. ఆ సాయంత్రం డ్యూటీ దిగి బీసెంట్ రోడ్డుకి వెళ్ళి, గోధుమరంగు రెగ్జిన్ సంచి ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, అందులో నా దువ్వెన, రెండు చేతిరుమాళ్ళు, జపమాల, మా అమ్మాయి తెరేసమ్మ బడిలో తీయించుకున్న ఫోటో, ఇంకా విప్పని వారపత్రిక ఒకటి పెట్టాను. పెట్టి, జిప్పు లాగి, మళ్ళీ తీసి చూసుకున్నాను. ముప్పై నాలుగేళ్ళదాన్ని, అద్దంలో నన్ను నేను చూసుకుని సిగ్గుపడ్డాను.

అన్నాలు తినేటప్పుడు ఆ సంతోషంలో నోరు జారాను. "ఆడవాళ్ళ చేతిసంచి తూకం వెయ్యరట," అన్నాను.

ఆయన ముద్ద ఆపి, "నిజంగానా?" అన్నారు. అంత శ్రద్ధగా నా మాట విని చాలా కాలమైంది.

ప్రయాణం రోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి పెట్టె తాళం వేసి ఉంది. పక్కన నా చేతిసంచి బూరెలా ఉబ్బి ఉంది. ఆయన చెమటలు తుడుచుకుంటున్నారు. పాపం, గంట నుంచీ తంటాలు పడ్డారట. "పెట్టె ఇరవైకి సరిపెట్టా. మిగిలినయ్యన్నీ నీ సంచిలో సర్దేశా. దానికి తూకం లేదన్నావుగా."

"మరి అందులో నావి?"

"నీవేమున్నయ్? దువ్వెనేగా. మణి దగ్గర దువ్వెన ఉండదా?" కోపంగా కాదు, హాయిగా అన్నారు. పెద్ద చిక్కు తీరినవాడి హాయి.  బస్సుకి టైమవుతోంది. తెరేసమ్మకి జడ వేయాలి, రెండు పూటలకి కూర వండి పెట్టాలి, నీళ్ళు పట్టాలి. మాట నా నాలుక చివరిదాకా వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక పొయ్యి మీద ఏదో ఒకటి పొంగుతూనే ఉంటుంది.

తెరేసమ్మని పక్కింట్లో వదిలి, హనుమాన్ జంక్షన్ బస్సెక్కి గన్నవరంలో దిగాం. అక్కణ్ణుంచి రిక్షా. విమానం చూస్తానని అత్తమ్మ కూడా ఉతికిన తెల్లచీర కట్టుకుని బయలుదేరింది, చంకలో చిన్న గుడ్డమూట పెట్టుకుని. మే ఎండకి రన్‌వే మీద గాలి సెగలు కక్కుతోంది. పెట్టె తూచారు. ఇరవై మీద కాస్త మొగ్గింది గానీ గుమాస్తా పోనిచ్చాడు. ఆయన నా వైపు గర్వంగా చూశారు. తర్వాత ప్రయాణికులు మాత్రమే అన్న చోట ఇనప కడ్డీకి ఇవతల ఆయనా అత్తమ్మా ఆగిపోయారు. నేను సంచి భుజానికి తగిలించుకుని వంగిపోతూ లోపలికి వెళ్ళాను.

ఆడవాళ్ళని తనిఖీ చేయడానికి గుడ్డ తెర కట్టిన చోటు ఒకటుంది. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, నా వయసే ఉన్న ఒకావిడ. జాకెట్టుకి పిన్నీసుతో పేరు చీటీ తగిలించుకుంది, సుబ్బరత్నం అని. "విమానాలు ఎత్తుకుపోతన్నారు గదండీ, అందుకని అందరియ్యీ చూడాలి. ఏమనుకోకండి," అంటూ నా సంచి జిప్పు లాగింది. లోపల బిగిసి ఉన్నదంతా ఒక్కసారి పైకి ఉబికింది. నెయ్యి డబ్బా. అంచుదాకా నూనె తేలుతున్న ఆవకాయ సీసా. వాము, శొంఠి పొట్లాలు. ఆముదం సీసా. బొడ్డుతాడు కోసే ఆసుపత్రి కత్తెర, గుడ్డలో చుట్టి. అడుగున దూదిలో పెట్టి, ఆ కాగితం చదివి నేను ఇంట్లోనే వదిలేశాననుకున్న స్పిరిట్ సీసా.

ఆవిడ మొహం మారిపోయింది. "ఇదేంటండీ?"

"స్పిరిట్టు."

"అంటుకునేది! విమానంలోకి తీసుకెళ్తారా? ఈ కత్తెర? ఈ ఆవకాయ చూడండి, ఇంత నిండుగా ఉంటే పైన పొంగుద్ది, పక్కోళ్ళ బట్టలన్నీ నాశనం. ఏం చేస్తా ఉంటారు మీరు?"

"నర్సునండీ."

"చదువుకున్నోళ్ళే ఇట్టా చేస్తే ఎట్టాగండీ? కాగితం ఇచ్చారుగా, చదవలేదా?"

 ఆ కాగితం మా ఇంట్లో చదివిన ఒకే ఒక్క మనిషిని నేను. ప్రతి అక్షరం చదివాను. కామా దగ్గర కూడా ఆగి చదివాను. తెర అవతల ఇంకెవరో ప్రయాణికురాలు వేచి ఉంది, ఆమెకీ ఇదంతా వినపడుతోంది. "చదివానండీ," అన్నాను. "నేను సర్దలేదు."

"మరెవరు సర్దారు?"

"మావారు."

ఆవిడ గొంతు తగ్గించి, చేతిలో నెయ్యి డబ్బా పట్టుకునే, "మరి ఇందులో మీవేవండీ?" అంది.

తనిఖీలో భాగంగానే అడిగి ఉంటుంది. నేను బల్ల మీదకి చూశాను. నెయ్యి మణికి. ఆవకాయా మణికే. ఆముదం పుట్టబోయే బిడ్డకి. వాము, శొంఠి పురిటికి. కత్తెర ఆసుపత్రిది. సంచి మీద చెయ్యి వేసి, "ఇదొక్కటే," అందామనుకున్నాను. అనలేకపోయాను. ఎనిమిదేళ్ళ వార్డు ఉద్యోగంలో చచ్చిపోయిన పసిబిడ్డల్ని తల్లుల చేతుల్లో పెట్టినప్పుడు కూడా వార్డులో ఏడవనిదాన్ని, ఆ తెర వెనక పరాయి మనిషి ముందు ఏడ్చేశాను.

సుబ్బరత్నం గారు లేచి తెర ఇంకాస్త దగ్గరికి లాగింది. కూజాలోంచి గ్లాసులో నీళ్ళు వంచి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగి, "ఇంకా పావుగంట ఉందమ్మా," అంది. అండీ పోయి అమ్మా అయింది. "స్పిరిట్టూ కత్తెరా పోనివ్వను. అది రూలు. మిగతావి మీ ఇష్టం. సంచి మీది. ఏది వెళ్ళాలో, ఏది ఆగాలో మీరే చెప్పండి. బయటివాళ్ళకి ఇచ్చేదుంటే ఇచ్చి రండి, నేను చెప్తాలే."

ఏది వెళ్ళాలో మీరే చెప్పండి. ఆ మాట కాసేపు అలా నా ముందు నిలబడి ఉంది. తర్వాత నేను ఒక్కొక్కటే మళ్ళీ సంచిలో వేసుకుని కడ్డీ దగ్గరికి వెళ్ళాను.

ఆయన గాభరాపడ్డారు. "ఏమైంది? ఆపేశారా?" నేను నెయ్యి డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆవకాయ. పొట్లాలు. కత్తెర. స్పిరిట్ సీసా ఇచ్చేటప్పుడు ఆయన కళ్ళు దించుకున్నారు. "పనికొస్తుందనుకున్నా," అని గొణిగారు. చేతులు రెండూ నిండిపోయి, సీసాలు గుండెకి హత్తుకుని నిలబడ్డారు. నేను బజారు నుంచి వచ్చేటప్పుడు అచ్చం అలాగే ఉంటాను. "స్పిరిట్టంటే సరే. నెయ్యేం చేసింది, ఆవకాయేం చేసింది? అన్నీ వెనక్కిచ్చేస్తే మణికి ఏం తీసుకెళ్తావ్ మరి?"

"నేను వెళ్తున్నాను కదండీ," అన్నాను.

గట్టిగా అనలేదు.  పక్కన అత్తమ్మ కదిలింది. నాకు చీవాట్లు తప్పవనుకున్నాను. ఆమె నన్ను కాకుండా కొడుకుని చూసింది. "అది చెప్పింది నిజమేరా. మణికి కావాల్సింది మార్త. నెయ్యి బొంబాయిలో దొరకదా?" అని నా చెయ్యి పట్టుకుంది. "తెరేసమ్మ పుట్టినప్పుడు నేను రాలా. మా అక్క కూతురి పెళ్ళిలో ఉన్నా. కబురొస్తే, నర్సుకి ఇంకో మనిషెందుకులే అన్నా. రెండు రోజులు నెప్పులు పడ్డావంట, పక్కన ఎవురూ లేరంట. నీకు తల్లి కూడా లేదాయె. ఇన్నేళ్ళూ ఆ మాట ఎట్టా ఎత్తాలో తెలీలా నాకు. అట్టాంటిదానివి, నా కూతురి కోసం నువ్వు ఎల్తన్నావ్."

ఆమె చెయ్యి వెల్లుల్లి వాసన వేస్తోంది. ఆ రెండు రోజుల సంగతి ఆమెకి తెలుసని నాకు తెలీదు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో. "పర్లేదు అత్తమ్మా," అనబోయి ఆగాను. పర్లేదు అనడం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం ఆ మాట నిజం కాదు. అందుకని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఊరుకున్నాను. ఆమెకి అర్థమైంది. తల ఊపింది.

"ఈ ఆముదం మాత్రం తీసుకెళ్తానత్తమ్మా. దీంట్లో ఖాళీ ఉంచాను, పొంగదు. బిడ్డకి ఒళ్ళు రాయడానికి," అన్నాను.

అత్తమ్మ కళ్ళు తుడుచుకుని చంకలో గుడ్డమూట తీసి విప్పింది. అందులో నా దువ్వెన, చేతిరుమాళ్ళు, జపమాల, తెరేసమ్మ ఫోటో, వారపత్రిక. "వీడు పొద్దున తీసి బల్ల మీద పడేసి పోతంటే చూశా. ఎందుకో వదిలిపెట్టి రాబుద్ధి కాలా." ఆమె ఒక్కొక్కటే అందిస్తుంటే నేను సంచిలో పెట్టుకున్నాను. ఆయన తన చేతుల్లోని సీసాలన్నీ నేల మీద పెట్టి, వారపత్రిక అట్ట మడత పడితే దాన్ని అరచేత్తో తన తొడ మీద సాపు చేసి ఇచ్చారు. "జాగ్రత్త మార్తా," అన్నారు. ఆయనకి అంతకంటే మాటలు రావు. ఆ రోజు అవి చాలానే వచ్చినట్టు అనిపించింది.

సుబ్బరత్నం గారు సంచి మళ్ళీ తెరిచి చూసి, ఫోటో చేతిలోకి తీసుకుని, "మీ అమ్మాయా? అచ్చం మీ మొహమే," అని నవ్వి పంపించింది.

విమానం చిన్నది. లోపల బెల్టు కట్టుకున్నాక చెవుల్లో పెట్టుకోమని దూది, చప్పరించమని పిప్పరమెంట్లు పళ్ళెంలో తెచ్చారు. నేల వదిలినప్పుడు గుండె కిందే ఉండిపోయినట్టయింది. కిటికీలోంచి చూస్తే ఎండిపోయిన కాలవలు, కోత అయిపోయిన పొలాలు, దూరంగా ఇసక తిన్నెల మధ్య సన్నగా కృష్ణ, బ్యారేజీ. మా ఇల్లు వెతికాను. కనపడలేదు. అక్కడ నన్ను ఎవరు పిలిచినా ఇప్పుడు నాకు వినపడదు. ఎయిర్ హోస్టెస్ టీ తెచ్చి ఇచ్చింది. నాకు కూర్చోబెట్టి టీ ఇచ్చిన మనిషి ఆఖరున ఎవరా అని గుర్తు తెచ్చుకుంటూ తాగాను. తాగాక అలవాటుగా ఖాళీ కప్పు పట్టుకుని లేవబోతే నడుముకి బెల్టు పట్టేసింది. ఆ పిల్ల పరుగున వచ్చి కప్పు తీసుకుని, "మీరు కూర్చోండి మేడమ్," అంది. కూర్చున్నాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను. వాటికి ఏ పనీ లేదు. మొదట భయమేసింది. తర్వాత వారపత్రిక తీసి, ఒక కథ మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన చదివాను.

మణెమ్మకి మే ముప్పైన కాన్పయింది. పక్కనే ఉన్నాను. రక్తపోటు నూట డెబ్భై దాటిన ఆ గంటల గురించి రాయను. ఆడపిల్ల, ఐదు పౌన్లు, పుట్టగానే ఆసుపత్రి ఎగిరిపోయేట్టు ఏడ్చింది. ఆ ఏడుపు విని బాలశౌరి వరండాలో గోడకి ఆనుకుని తనూ ఏడ్చాడు. ఇంటికొచ్చాక వంట అంతా అతనే చేశాడు. నేను గిన్నె పట్టుకుంటే లాగేసుకునేవాడు. "అక్కయ్యా, ఒకప్పుడు ఓడల్లో యాభై మందికి వండినోణ్ణి, ముగ్గురికి వండలేనా? నువ్వు మణినీ పాపనీ చూసుకో, చాలు," అనేవాడు.

జూన్ రెండో వారంలో మా ఆయన ఉత్తరం వచ్చింది. అందరూ క్షేమం. రైళ్ళు నడుస్తున్నాయి. పదమూడున బయలుదేరమన్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, వంట కష్టంగా ఉంది. తెరేసమ్మకి బడి తెరుస్తారు, పుస్తకాలకి అట్టలు వెయ్యాలి. నీకు ఇంకా కొన్ని రోజులు సెలవు మిగులుతుంది కాబట్టి వానలు ముదరకముందే ఇంటికి సున్నం వేయించుకోవచ్చు, నువ్వు దగ్గరుండి చూసుకుంటావు.

మంచం మీద పాపకి పాలిస్తూ మణెమ్మ నన్ను చూస్తోంది. "అన్నయ్య రమ్మన్నాడా?" అంది. తల ఊపాను. "వదినా, నేను పుట్టిపెరిగిన ఇంట్లో నిన్ను ఏళ్ళ తరబడి చూశా. నువ్వు ఊరికే కూర్చోగా ఒక్కరోజు కూడా చూడలా. నాకు ఇప్పుడు బానే ఉంది. నువ్వు ఉండు. నా కోసం కాదు, ఊరికే ఉండు."

వాళ్ళ బల్ల దగ్గర కూర్చుని జవాబు రాశాను. మూడు కాగితాలు చింపి నాలుగోది ఉంచాను.

"మీరు పదమూడున రమ్మన్నారు. నేను ఇరవయ్యో తేదీకి టిక్కెట్టు తీసుకుంటున్నాను. మణికి నాతో పని అయిపోయింది, తల్లీబిడ్డా బాగున్నారు. ఈ వారం నాకు కావాలి. ఎందుకని అడిగితే చెప్పలేను, ఏ పనికోసమూ కాదు. అత్తమ్మ మోకాళ్ళకి అలమరలో తైలం ఉంది, పడుకోబోయే ముందు మీరు రాయండి. తెరేసమ్మ పుస్తకాలకి అట్టలు మీరు వెయ్యండి, దానికి మీరు వేస్తే సంతోషంగా ఉంటుంది. సున్నం వచ్చే ఏడాది చూద్దాం. మార్త."

సంతకం దగ్గర ఎప్పుడూ "మీ" అని రాసి తర్వాత పేరు రాస్తాను. ఆ రోజు పేరొక్కటే రాశానని కవరు అంటించాక గుర్తొచ్చింది. మళ్ళీ విప్పలేదు. వానకాలం మొదటి జల్లు పడి వీధి తడిసి ఉంది. మలుపులో ఎర్ర డబ్బాలో ఉత్తరం వేసి, ఇంటికి తిరిగి వెళ్ళకుండా, ఏమీ కొనాల్సిన పని లేకుండా, ఎవరికీ ఏమీ తేవాల్సిన పని లేకుండా, జనం ఎటు నడుస్తుంటే అటు నడవడం మొదలుపెట్టాను.